బామాయో ఎవరినీ క్షమించలేదు

అమ్మలారా, అయ్యలారా, రైలు పట్టాల దిగువ పేట బిడ్డలారా!

టెంటు కింద చోటు చాలక చాలామంది ఎండలో నిలబడ్డారు. పసివాళ్లను వీపుకు కట్టుకుని పది మైళ్లు నడిచి వచ్చిన తల్లులున్నారు. మనందరి అమ్మ, మన బామాయో, నర్సు ఫెలిస్టస్ మ్వేలా ఇక లేదు. ఇదిగో, నా పక్కన ఈ పెట్టెలో ఉంది.

ఇందాక పాస్టరుగారు ఆమె క్షమాగుణం గురించి చాలా బాగా చెప్పారు. పాస్టరుగారూ, మీరంటే నాకు గౌరవం. కానీ ఈ లమెక్ చిపంపే, అంటే నేను, క్లినిక్‌లో ఆమె పక్క గదిలో కూర్చుని ఇరవై ఆరేళ్లు పిల్లల రక్తం పరీక్షించాను. నాకు తెలిసింది నేను చెప్పాలి. ఆమె ఎవరినీ క్షమించలేదు. క్షమించకుండానే వెళ్లిపోయింది.

ఎందుకు క్షమించాలి?

ఈ ఊరు దొరలు మన కోసం కట్టారా? నేలలో సీసం దొరికింది, అందుకు కట్టారు. రైలు వేశారు. పక్క ఊరి చుట్టాన్ని చూడ్డానికి ఆ రైల్లో మనం ఏనాడైనా పోయామా? గనిలో మొదలై ఓడరేవులో ఆగే రైలు అది. ఇళ్లు కట్టే ముందు గాలి ఎటు వీస్తుందో ఏడాది పాటు కొలిచారు. గాలికి ఎగువన గుట్ట మీద వాళ్ల బంగళాలు. సీసం కరిగించే కొలిమి పొగ వచ్చి వాలే చోట మన పేట. పొరపాటు జరిగింది అంటారు ఇప్పుడు. పొరపాటు చేసేవాడు ఏడాది పాటు గాలిని కొలుస్తాడా?

బామాయోకి పందొమ్మిదేళ్లప్పటి మాట. అప్పటికి జెండా మారింది. గని కంపెనీ ఆసుపత్రిలో దొర డాక్టరు మాత్రం మారలేదు. ఒక తల్లి మూడేళ్ల పిల్లని ఎత్తుకొచ్చింది. పిల్లకి ఆగకుండా ఫిట్స్. డాక్టరు చెయ్యి కూడా వెయ్యకుండా, "ఈ ఆడవాళ్లకి శుభ్రత తెలీదు. చేతులు కడుక్కోమని చెప్పు" అన్నాడు. మన భాషలో ఆ మాట చెప్పే పని అక్కడ నర్సుగా ఉన్న బామాయోది. చెప్పింది. మూడో రోజు పిల్ల చచ్చిపోయింది.

ఆ నెలలోనే ఏదో మందు ఇచ్చి రమ్మంటే డాక్టరు బంగళాకి వెళ్లింది. వంటింటి గోడ మీద ఆయాల కోసం ఒక కాగితం అంటించి ఉంది. పిల్లల్ని పట్టాలు దాటి దిగువకు తీసుకెళ్లవద్దు, అక్కడి దుమ్ములో సీసం ఉంది. కింద డాక్టరు సంతకం.

అయ్యలారా, వాడికి తెలుసు! సొంత బిడ్డల కోసం వంటింటి గోడ మీద రాసుకునేంత తెలుసు!

బామాయో అక్కణ్ణించి తిన్నగా ఆ తల్లి ఇంటికి వెళ్లి కాళ్ల మీద పడింది. "అక్కా, నీ తప్పేం లేదే. వాడికన్నీ తెలుసు. తెలిసే, నా నోటితో నిన్ను తిట్టించాడు" అని ఏడ్చింది. ఆ తర్వాత చచ్చేదాకా ఏ దొరతోనూ వాళ్ల భాషలో ఒక్క మాట మాట్లాడలేదు. రానట్టే ఉండేది. ఎంత పెద్దవాడొచ్చినా వాడే దుబాసీని వెతుక్కోవాల్సి వచ్చేది.

తర్వాత సీసం అయిపోయింది. కంపెనీ వెళ్లిపోయింది. మంచినీళ్ల పంపులు ఊడదీసుకుంది, ఎక్స్‌రే మిషను ఎక్కించుకుంది, డాక్టర్ని వెంట తీసుకుపోయింది. తవ్విపోసిన మట్టిని మాత్రం కొండంత మనకి వదిలింది. వేసవిలో ఆ కొండ మన అన్నం మీద వాలుతుంది. మన పిల్లలు ఆలస్యంగా మాట్లాడతారు, కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతారు, నేర్పిన లెక్క సాయంత్రానికి మరిచిపోతారు. ఇది మన ఒక్క ఊరి గోడు కాదు. ఈ ఖండంలో రాగి తీసిన ఊరిని అడగండి, బంగారం తీసిన ఊరిని అడగండి. తీసినవాడు మేడ కట్టుకున్నాడు, తీయించుకున్న నేల దగ్గుతూ కూర్చుంది.

ఆ తర్వాత దయగల సంస్థలు దిగాయి. ఏం తెచ్చాయి? రెండు వేల పోస్టర్లు. ఏముంది వాటి మీద? "చేతులు కడుక్కోండి." యాభై ఏళ్ల తర్వాత, అక్షరం పొల్లుపోకుండా అదే మాట! బామాయో పగలబడి నవ్వింది. "వెనకవైపు తెల్లగానే ఉంది కదరా లమెక్, పారెయ్యకు" అంది. ఆ పోస్టర్ల వెనకే, ఒక్కో పిల్ల రక్తంలో ఎంత సీసం ఉందో నా చేత రాయించి, కంపెనీ మీద దావా వేసి, సముద్రం అవతలి కోర్టుకి పంపింది.

ఆ దావాలోనే కంపెనీ లాయరు మన క్లినిక్‌కి వచ్చాడు. మీ పిల్లలు చూడ్డానికి బాగానే ఉన్నారే అన్నాడు. బామాయో నాలుగేళ్ల చిసెంగాని తెచ్చి వాడి ఒళ్లో కూర్చోబెట్టింది. కాసేపటికి పిల్లకి ఫిట్స్ వచ్చాయి. వాడు తెల్లటి చొక్కా నిండా నురగతో, డాక్టరు, డాక్టరు అని అరిచాడు. పిల్లని పక్కకి తిప్పి, నోట్లో నురగ తుడుస్తూనే మన భాషలో ఆమె అన్న మాటలు నేను మరిచిపోను. "డాక్టర్ని మీరే తీసుకుపోయారు కదయ్యా. గట్టిగా పట్టుకో. నీ కంపెనీ బిడ్డే." ఫిట్స్ తగ్గేదాకా వాణ్ణి లేవనివ్వలేదు.

అయినా దావా ఓడిపోయాం. ఆలస్యంగా వచ్చారన్నారు. మన పిల్లలు ముందే చచ్చిపోయి ఉంటే వేళకి వచ్చినట్టయ్యేదేమో!

ఇక మనవాళ్ల సంగతి. దొరల్ని తిట్టి ఇంటికి పోతే బామాయో ఒప్పుకోదు.

మంత్రిగారు ముందు వరసలో కూర్చున్నారు. నమస్కారం మంత్రిగారూ. మీరు ఆమె చేతుల్లోనే పుట్టారు. చురుకైన పిల్లాడు, వీడి బుర్రని సీసం తినకూడదని, మీకు ఏడాది నిండకుండానే గాలికి ఎగువనున్న ఊళ్లో తన చెల్లెలి ఇంట్లో పెట్టి పెంచింది. ఆ బుర్రని కాపాడింది ఆమె. ఆ బుర్రతోనే మీరు చదివారు. మిగిలిన కాస్త సీసం కోసం ఆ మట్టికొండని మళ్లీ తవ్వుకోమని కొత్త కంపెనీకి సంతకం పెట్టింది కూడా ఆ బుర్రతోనే.

ఆమె మూత్రపిండాలు పాడైపోయి, రక్తం శుద్ధి చేసే మిషను రాజధానిలో ఒక్కటే ఉంటే దాని కోసం వరసలో పడుకున్నప్పుడు మీరు పళ్లూ, కెమెరాలూ పట్టుకుని వచ్చారు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. మీరు వెళ్లాక నాతో ఇలా అంది. "శ్మశానంలో వద్దురా నాకు. ఆ కొండ గేటుకి అడ్డంగా పాతిపెట్టు. నేను పొదువుకుని పెంచినవాణ్ణి, దమ్ముంటే నా మీంచి లారీలు తోలించుకోమను."

ఈ ఉదయం మనవాళ్లు గేటు ముందు గొయ్యి తవ్వారు. ఆపమని పోలీసుల్ని పంపారు. సార్జెంటు టోపీ తీసి చంకలో పెట్టుకుని, "మా అమ్మకీ ఆవిడే కదా పురుడు పోసింది" అని పార అడిగి తీసుకున్నాడు. మొదటి లారీ ఎల్లుండి రావాలి. సమాధిని తొక్కే డ్రైవరు ఈ దేశంలో పుట్టలేదు. పుడితే, వాడికంటే ముందు మనం అక్కడ కూర్చుని ఉంటాం. ఒక్కరోజు కాదు, మన పిల్లల పిల్లల దాకా.

ఇప్పుడు పెట్టె ఎత్తే ముందు, ఆమె కోసం ఒక్క నిమిషం మౌనంగా నిలబడదాం. ముసలివాళ్లూ లేవండి, బాలింతలూ లేవండి.

మంత్రిగారూ, మీరు లేవకండి. కూర్చోండి.

తల్లులారా, కళ్లు మూసుకోవద్దు. తల వంచవద్దు. ఆయన్నే చూస్తూ నిలబడండి.

లేవండి.