నాలుగో దూలం మీద చాక్ గీత

నా పూర్తి పేరు, చిరునామా పైన రాసుకున్నారు. పనిచేసే చోట అందరూ నన్ను నిప్పుకోడి అంటారు. వయసు నలభై నాలుగు. వెల్డర్‌ని, ఇరవై రెండేళ్లుగా ఇదే పని. ఈ రోజు శుక్రవారం ఉదయం 8.05కి నా అంతట నేనే స్టేషనుకు వచ్చాను. రాగానే చెప్పింది ఒక్కటే, స్కూలు ఆటల హాలు వెంటనే ఖాళీ చేయించమని. ఎస్సైగారు 8.10కి మనుషుల్ని పంపారు. వాళ్ల ఫోను ఇంకా రాలేదు. మాట తడబడితే మన్నించాలి.

ఆ హాలు మధ్యలో స్తంభాలు లేవు. కప్పు మోసే ఏడు ఇనుప దూలాలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వెళ్తాయి, వాటిని అతికింది మేమే. మామూలు ఇనుమైతే దూలాలు మరీ బరువెక్కుతాయని హై స్ట్రెంగ్త్ స్టీలు తెప్పించారు. పలచటి ప్లేటే, కానీ రెండింతలు మోస్తుంది. దానికి పొగరు కూడా రెండింతలే. చల్లగా ఉండగా అతికితే ఊరుకోదు. ముందు గ్యాస్ మంటతో నూట ఇరవై డిగ్రీల దాకా కాచి, అప్పుడు వెల్డింగ్ పెట్టాలి. కాగిందో లేదో చూడటానికి ఒక చాక్ ఇస్తారు. ప్లేటు మీద గీస్తే, సరిపడా వేడి ఉంటేనే గీత కరుగుతుంది. కాచకుండా అతికితే ఆ రోజు ఏమీ కనపడదు. రెండు మూడు రోజులకు లోపల్నుంచి చిట్లుతుంది.

ఒక్కో అతుకు కాచడానికి ముప్పావు గంట పడుతుంది. హాలు ప్రారంభం దగ్గర పడిందని మా సూపర్‌వైజరు తొందరపెట్టాడు. అతను మా ఆవిడకు అన్న, నాకు బావ. నాలుగో దూలం మధ్య అతుకు నేను కాచలేదు. ముందు వెల్డింగ్ పెట్టేసి, ఆ వేడి మీద పక్కనే చాక్ గీశాను. కరగక ఏం చేస్తుంది? ఇంజనీరుగారు కరిగిన గీతను ఫోటో తీసుకున్నారు. అతుకు లోపల పగుళ్లున్నాయేమో చూసే మిషను పరీక్ష రెండు రోజులాగి చేయాలి, దాన్ని ఆ సాయంత్రమే చేయించి పాస్ అన్నారు.

మొన్న బుధవారం 11.20కి లైటు క్లాంపు బిగించడానికి అదే దూలం దగ్గర నిచ్చెనెక్కాను. అతుకు అంచున వెంట్రుకలాంటి గీత, జానెడు పొడవు. గోరు పెడితే దిగింది. కింద పిల్లలు ఆడుకుంటున్నారు. నిచ్చెనకు తగిలించిన రంగు డబ్బాలో వేలు ముంచి ఆ గీత మీద పూశాను. వేలితోనే పూశాను.

దిగి బావకు చెప్పాను. అతను చుట్టూ చూసి, "రంగు పగిలిందంతే బావా. నోరెత్తితే ముందు లోపలికెళ్లేది నువ్వే. చాక్ గీసింది నీ చెయ్యి," అన్నాడు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. నిన్నంతా మూసుకునే ఉన్నాను.

మా అమ్మాయికి పదకొండేళ్లు. ఈ రోజు 7.45కి ఆ హాల్లో బ్యాడ్మింటన్ ప్రాక్టీసు. 7.15కి షూ వేసుకుంటుంటే, ఒళ్లు వెచ్చగా ఉంది, వెళ్లొద్దన్నాను. మా ఆవిడ నుదురు పట్టి చూసి, చల్లగానే ఉందిగా అంది. నేను కసురుకున్నాను. అంతలో పక్కింటి పాప వచ్చింది. ఇద్దరూ రోజూ కలిసే వెళ్తారు. తను రాదని చెప్పాను. "అయితే అంకుల్, తన రాకెట్ నేను తీసుకెళ్లనా? నాది దారం తెగింది," అంది. మా అమ్మాయి రాకెట్ తీసి ఇచ్చాను. నా చేత్తోనే ఇచ్చాను. జాగ్రత్త అని కూడా అన్నాను.

ఆ పాప సందు మలుపు తిరిగాక గుమ్మంలోనే కూర్చుండిపోయాను. కాసేపటికి లేచి స్కూటర్ తీశాను. హాలుకే వెళ్లొచ్చు కదా అని మీరడిగారు. అక్కడ బావ ఉంటాడు. రెండు మాటలంటే నేను మళ్లీ వెనక్కి తగ్గుతానని భయమేసి ఇక్కడికొచ్చాను.

ఇప్పుడు 8.40కి ఫోను వచ్చింది. ముప్పై ఆరుగురు పిల్లలూ బయటికొచ్చారట. పక్కింటి పాప ఉందా అని రెండుసార్లు అడిగించాను. ఉందట. నేను పూసిన రంగు పగిలి, గీత కింది నుంచే కనిపిస్తోందట. ఏడుపు ఆగలేదు. ఎస్సైగారు నీళ్లిచ్చి, "ఇలా చాక్ గీయడం ఈ ఒక్కసారేనా?" అని అడిగారు.

కాదండి. ఆ చాక్ నా చేతికొచ్చి ఆరేళ్లు. తొందరున్న ప్రతిచోటా అలాగే గీశాను. ఆస్పత్రి రెండు భవనాలను కలిపే నడక వంతెన ఒకటి. బస్టాండు కప్పు ఒకటి. మిగతావి గుర్తు చేసుకుని చెబుతాను, రాసుకోండి. ఇంకో మాట ఉంది. ఆ కిటుకు నేను ముగ్గురికి నేర్పాను. పని త్వరగా అవుతుందని నవ్వుతూ నేర్పాను. వాళ్లు ఇప్పుడు ఎక్కడ, ఏం అతుకుతున్నారో నాకు తెలియదు.

రాసినదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. ఎవరూ బెదిరించి చెప్పించలేదు, ఇందులో అబద్ధం లేదు. నాకు సంతకం వచ్చు. చెయ్యి నిలవక వేలిముద్ర వేస్తున్నాను.

(ఎడమ బొటనవేలి ముద్ర)
ఉదయం 9.10