మూడో నంబరు సీసా

“పెద్దమ్మా, రేపు ఆర్గానిక్ ప్రాక్టికల్సు. మూడో నంబరు సీసా వస్తే బెంజోయిక్ యాసిడని సీనియర్లు చెప్పిండ్రు. టెస్టులు ఒక్కసారి అప్పజెప్పించుకుంటవా?”

అప్పజెప్పించుకుంట తియ్, ముందుగాల కూసో. ఆ పుస్తకం మూసి పక్కన పెట్టు. ఏమన్నవ్, మూడో నంబరా? సీసా చూడకముందే అండ్ల ఏమున్నదో నీకు తెలిసిపోయిందన్నమాట. మంచిదే. ఇరవై ఏండ్లయినా ఏం మారలే. నీ కాలేజీ వేరు, నా కాలేజీ వేరు, నీది డిగ్రీ, నాది ఎమ్మెస్సీ, అయినా అదే నంబరు, అదే మాట. నవ్వకు. నవ్వితే నాకు కడుపుల మండుతది.

మీ అమ్మ నీకు చెప్పలేదా నేను ఎమ్మెస్సీ ఎందుకు మానేసిన్నో? చెప్పదు. కల్లూరుల చుట్టాలు ఎవరన్న అడిగితే మా అక్కకు ఆరోగ్యం బాగలేక మానేసిందని చెప్తది. నాకేం రోగం? అప్పుడు రాయిలెక్క ఉండేదాన్ని. పొద్దున నాలుగు గంటలకు లేచి, మీ పెదనాన్నకు డబ్బా కట్టి, నాకు డబ్బా కట్టుకొని బస్సెక్కేదాన్ని. మీ పెదనాన్న థర్మల్ కరెంటు ప్లాంటుల షిఫ్టుకు పోయేటోడు, నేను ఖమ్మం కాలేజీకి పోయేదాన్ని. కాలనీల ఆడోళ్ళు ఏమనేటోళ్ళంటే, సుగుణ టీచరుకు నలభై దాటినంక పిచ్చి లేసింది, పిలగాండ్ల పక్కన బెంచిల కూసుంటది అని. అననియ్. వాళ్ళకేం పని?

అది రెండువేల నాలుగో, అయిదో. మీ అన్న పుట్టిన ఏడు, నాలుగే అయి ఉంటది. నేను పాల్వంచలనే ప్రైవేటు స్కూల్ల సైన్సు చెప్తుంటి. మా కరస్పాండెంటు ఉండె కద, ఆయన పేరు ఎందుకులే ఇప్పుడు, పెద్దమనిషి, ఆదివారం చర్చిల ముందు వరుసల కూసునేటోడు. స్కూలు పక్కనే జూనియర్ కాలేజీ పెడుతున్నడు. నన్ను పిలిచి, ఎమ్మెస్సీ తెచ్చుకో టీచరమ్మా, కెమిస్ట్రీ పోస్టు నీదే అన్నడు. జీతం లేని సెలవిచ్చిండు. కాని ఒక మెలిక పెట్టిండు. మొదటి ఏడు ఒక్క పేపరు పోకుండ పాసైతేనే రెండో ఏటికి సెలవు, లేకపోతే మర్యాదగ వచ్చి ఆరో క్లాసు చెప్పుకోవాలె. నేను సరే అన్న. పెండ్లికి ముందు చదివిన బీఎస్సీ, అదీ తెలుగు మీడియం, అయినా ధైర్యంగ సరే అన్న.

మొదటి సెమిస్టరు గట్టెక్కిన. బస్సుల చదివిన నేను. పాల్వంచల ఎక్కితే కొత్తగూడెం దాటిందాక చీకటే, తర్వాత జూలూరుపాడు అడివిల తెల్లారేది. గప్పుడు పుస్తకం తీసేదాన్ని. ఎండాకాలం ముందు ఆ అడివంత ఇప్పపూల వాసన, బస్సు కిటికీలకెళ్ళి లోపలికొచ్చేది. బస్టాండుల టీ రెండు రూపాయలుండె అప్పుడు, ఇప్పుడు ఆ రెండు రూపాయలకు ఖాళీ గ్లాసు సుత ఇయ్యరు. ఆ… ఏం చెప్తున్న? రెండో సెమిస్టరు.

రెండో సెమిస్టరుల ఆర్గానిక్. థియరీ సంగతి వదిలెయ్, అది బట్టీ పట్టినా నడుస్తది. ల్యాబు అట్ల కాదు, అనుకున్న. మిక్చరిస్తరు. రెండు పొడులు కలిపి ఇస్తరు, విడగొట్టాలె, ఏది ఏందో పట్టుకోవాలె. నాకు మస్తు ఇష్టముండె ఆ పని. బియ్యంల రాళ్ళేరినట్టే అనిపించేది. కాని మా ల్యాబుల ఆ పని ఎవరు చేసేటోళ్ళు? నల్లాల నీళ్ళుంటే గ్యాసు ఉండది, గ్యాసుంటే మందులుండయి. మెల్టింగు పాయింటు చూసే మిషను ఒక్కటే, అది సార్ల గదిల బీరువాల ఉండేది, పెండ్లికూతురు నగలెక్క.

ఇగ అక్కడ ఒక ఆచారముండె. సీనియర్లకు మేం ఫేర్‌వెల్ చెయ్యాలె కద. బిర్యానీ పెట్టినంక వాళ్ళు నిలబడి నంబర్లు చదివేటోళ్ళు. ఒకటో నంబరు సీసాల గిది, రెండో నంబరుల గిది అని. పరీక్షకు ఎప్పుడు అవ్వే సీసాలు, అవ్వే నంబర్లు, ఏండ్ల నుంచి. మా పిల్లలు అరచేతుల్ల రాసుకున్నరు. అంటే ఆన్సరు ముందు, టెస్టులు తర్వాత. ఏం రంగు రావాల్నో పుస్తకంల చూసి రాసుడే, ట్యూబు తడవాల్సిన పని లేదు. మా సారుకు తెలుసు, ప్రిన్సిపాలుకు తెలుసు. అందరు పాసయితరు, కాలేజీకి పేరొస్తది. బిర్యానీ నేను సుత తిన్న, చేతిల నేను సుత రాసుకున్న, అబద్ధమెందుకు. మూడో నంబరు, బెంజోయిక్ యాసిడ్, నాఫ్తలీన్.

పరీక్షల నాకు మూడో నంబరే వచ్చింది. నాకు, స్వప్నకు, ఇంకో పిలగానికి. స్వప్న అంటే నా బెంచిల కూసునే పిల్ల, భద్రాచలం అవతల వాళ్ళ ఊరు, హాస్టల్ల ఉండేది. నన్ను ఆంటీ అనేది. మంచి పిల్ల… మంచి పిల్లనే అనుకున్న. నా డబ్బాల సగం ఆ పిల్లకే పెట్టేదాన్ని.

సరే, నంబరు వచ్చింది, ఆన్సరు తెలుసు, రాసేసి కూసోవచ్చు. కాని ఆ రోజు నల్లాల నీళ్ళున్నయి, గ్యాసుంది, మందులన్ని కొత్తగ పెట్టిండ్రు, బయటి ఎగ్జామినర్ వస్తున్నడని మిషను సుత బల్ల మీదికొచ్చింది. ఇన్ని నెలలకు ఒక్కరోజు దొరికింది బిడ్డా. నేను చేసి చూస్త అనుకున్న. మొదలువెట్టిన. తినే సోడా కలిపిన నీళ్ళు పోస్తే నురగొచ్చింది, మంచిగ. వడగట్టిన, పైన మిగిలింది కలరా ఉండల వాసన, నాఫ్తలీనే, అది కరెక్టు. కింది నీళ్ళల్ల యాసిడ్ పోస్తే తెల్లగ విరిగింది, పాలు విరిగినట్టు. ఎంత సంబురమైందో నీకు చెప్పలేను. దాన్ని ఆరబెట్టి ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేసిన. బెంజోయిక్ యాసిడైతే ఏం రావాలె? చెప్పు. అవ్, లేత మట్టి రంగు మడ్డి. నాకేమొచ్చిందో తెలుసా? ఊదా రంగు. నేరేడుపండ్లు తిన్న నాలిక చూస్తవు కద, గట్ల.

నా చెయ్యే గలీజున్నదేమో అనుకొని ట్యూబు కడిగి మళ్ళ చేసిన. మళ్ళ ఊదా. మిషన్ల పెట్టిన, నూట ఇరవై దాటంగనే కరగాల్సింది నూట యాభై దాటినా కదలలే. ఇగ చివరికి మిథనాల్ పోసి, సల్ఫ్యూరిక్ యాసిడ్ చుక్కేసి వేడిచేసిన. ల్యాబంత నొప్పుల బామ్ వాసన. ఆ మూలకున్న పిలగాండ్లు సుత తలెత్తి చూసిండ్రు. సాలిసిలిక్ యాసిడది. ఇంక అనుమానమేముంది? సీసా మీద నంబరు పాతదే, లోపల పొడి వేరేది. తర్వాత తెలిసింది, బెంజోయిక్ అయిపోయిందట, రెండు తెల్లగనే ఉన్నయి కదా అని నాఫ్తలీన్ల సాలిసిలిక్ కలిపి పోసిండ్రట. నేను సాలిసిలిక్ యాసిడని రాసిన. రాసి, ఆ ట్యూబు స్టాండుల అట్లనే పెట్టిన, ఎగ్జామినర్ చూస్తడని.

ఆయన వచ్చిండు. వేరే ఊరి నుంచి వచ్చిన మనిషి, నాకన్న చిన్నోడే, చదువుకున్న మనిషి లెక్కనే ఉన్నడు. నా కాయితం చూసిండు, మా సారు దగ్గరున్న ఆన్సర్ల చీటి చూసిండు, మీది తప్పమ్మా అన్నడు. సార్, ట్యూబు చూడండి అన్న. చూసిండు. సీసాలకెళ్ళి మీరే ఇంత తీసి చూడండి సార్ అన్న. మా సారు వెనక నిలబడి కండ్లతోటి నన్ను ఆపుతున్నడు. నేను ఆగలే. ఆ ఎగ్జామినరు సీసా మూత తీసిండు, చిటికెడు పొడి కొత్త ట్యూబుల వేసిండు, నీళ్ళు పోసి చుక్కేసిండు. ఊదా రంగు. చక్కగ, ముద్దుగ వచ్చింది.

ఎగ్జామినరు ఆ ట్యూబు పట్టుకపోయి తొట్టిల కుమ్మరించి, నల్లా కింద కడిగిండు. ఆయనే కడిగిండు బిడ్డా, తన చేతులతోటి. వింటున్నవా? ఊదా నీళ్ళు పోయినయి. ట్యూబు బోర్లించి చేతులు తుడుచుకొని నా దగ్గరికొచ్చిండు.

“అమ్మా, మీరు టీచరు కదా, అర్థం చేసుకుంటరు,” అన్నడు. “మీది కరెక్టంటే మిగిలినోళ్ళు చూడకుండ రాసిండ్రని నేను రాయాలె. ఈ కాలేజీ మీద రాయాలె. ఆ ఒక్క మాట కొట్టేసి బెంజోయిక్ అని రాయండి, నేను మార్కులేస్త.”

తన పెన్నే మూత తీసి ఇచ్చిండు. నేను పట్టుకున్న. నేనేం దేవునికోసం పానమిచ్చే హతసాక్షిని కాదు, అప్పుడు దేవుడు గుర్తుకొచ్చిండని అబద్ధం చెప్పను. కరస్పాండెంటు గుర్తుకొచ్చిండు, పోస్టు గుర్తుకొచ్చింది, ఏడాది పొడుగునా నాలుగు గంటలకు లేసింది గుర్తుకొచ్చింది. కాని నా ముక్కుల ఇంకా ఆ బామ్ వాసన ఉన్నది. గా వాసన పీల్చుకుంట బెంజోయిక్ అని ఎట్ల రాసుడు? చెయ్యి రాలే, గంతే. పెన్ను మూత పెట్టి ఆయనకే ఇచ్చిన. ఆయన బాధపడ్డట్టే ముఖం పెట్టిండు. ఆ బాధ నేనేం చేసుకోవాలె?

ఫెయిల్ చేసిండ్రు. ఆ బ్యాచిల ప్రాక్టికల్స్ పోయింది నా ఒక్కదానికే. మా సారు కనబడితే తల తిప్పుకున్నడు. కరస్పాండెంటు దగ్గరికి పోయి జరిగింది జరిగినట్టు చెప్పిన, అంత విన్నడు. పాపం అన్నడు. పాపం అనుకుంటనే జూన్ల నాకు ఆరో క్లాసు టైంటేబుల్ ఇచ్చిండు. మీ పెదనాన్న మాత్రం మళ్ళ రాయమన్నడు, నేనే పోలే. ఏ సీసా ముందట నిలబడాలె మళ్ళ? ఏ మనిషి ముందట?

స్వప్న రిజల్టొచ్చినంక స్వీటు డబ్బా పట్టుకొని ఇంటికొచ్చింది. ఇదే హాల్ల కూసుంది. ఆంటీ, మీదే కరెక్టు, నాకు సుత ఒక చుక్క వేస్తే ఊదానే వచ్చింది అన్నది. మరేమని రాసినవే అంటే, మట్టి రంగు వచ్చిందని రాసిన ఆంటీ, పాస్ కావాలె కదా అన్నది. దాని కండ్లల్ల నీళ్ళున్నయి. ఉండనియ్. ఆ మాట ఆ రోజు ఎగ్జామినరు ముందట అంటే ఇద్దరమయ్యేటోళ్ళం కద. ఇద్దరం ఒకటే చెప్తే అంత జల్దీ ట్యూబు కడగలేడు కద. రెండేండ్లకు మా కరస్పాండెంటు కాలేజీకి కెమిస్ట్రీ లెక్చరరుగ ఎవరొచ్చిండ్రనుకున్నవ్? గోడకవతల దాని ల్యాబు, గోడకివతల నా ఆరో క్లాసు. రిటైరయ్యేదాక అట్లనే నడిచింది. ఎదురుపడితే ఆంటీ బాగున్నరా అనేది. బాగున్న అనేదాన్ని. అది ఇచ్చిన నీళ్ళు మాత్రం ఎన్నడు తాగలే. ఇప్పటికీ తాగను.

మీ పెదనాన్న మోకాళ్ళకు బామ్ రాసుకునేటప్పుడు నేను లేసి పెరట్లకు పోత కద, నువ్వు మొన్న నవ్వినవ్, పెద్దమ్మకు ఘాటు పడదని. ఘాటు కాదే తల్లీ. ఆ వాసన రాంగనే తొట్టిల పోయిన ఊదా నీళ్ళు కనబడతయి నాకు. కొట్టేస్తే అయిపోయేది కదా అని ఒక్కొక్కనాడు అనిపిస్తది. కొట్టేసి ఉంటే ఈ ఇంటి ముందు లెక్చరరని బోర్డు ఉండేది. మళ్ళ తెల్లారితే, మంచిగనే చేసిన అనిపిస్తది. ఏది సరో ఇంకా తెగలే నాకు.

ఏందట్ల చూస్తవ్? రేపు ఏం రాయమంటవ్ అనా? అది నన్నడగకు. ఉన్నది రాయి అని చెప్పి నీ ఏడాది నేను పోగొట్టలేను. చెప్పింది రాయి అనుడుకు నోరు రాదు. నువ్వు సుత పొద్దున్నే లేసి చదువుతున్నవ్, నేను చూస్తలేనా? మీ అమ్మ ఊర్ల మిర్పకాయ ఏరుతున్నది నీకోసం. చుక్క మాత్రం వేసి చూడు బిడ్డా. ఏం రంగు వచ్చిందో నీకన్న తెలవాలె. తర్వాత చెయ్యి ఏమంటదో అది చెయ్యి.

దా, దగ్గరికి రా. తల వంచు. ప్రభువా, ఈ పిల్ల చెయ్యి వణకనియ్యకు. రేపు దీని ముందటికి వచ్చే సీసాల, చీటి మీద ఏం రాసున్నదో అదే ఉండనియ్. ఇంకేం అడగను. ఆమెన్.

ఇగ పుస్తకం తియ్. బెంజోయిక్ యాసిడ్, మొదటి టెస్టు. చెప్పు, వింటున్న.