యజ్ఞడాక్టర్ డాట్ కామ్

చెప్పులు విప్పక్కర్లేదు ఆంటీ, కార్పెట్ ఎలాగూ పాడైపోయింది. ముందు నాకిది చెప్పండి. నేను దొంగనా? మీ అల్లుడు రాజ్ ఫోన్ చేసి అదే మాటన్నాడు. "మా మామగారి వెబ్‌సైట్ కొట్టేశావు" అని. దొంగతనమైతే పోలీసులకి చెప్పచ్చుగా? బాతెల్ పోలీస్ స్టేషన్ ఇక్కడికి మూడు సిగ్నల్సే!

కూర్చోండి. కాఫీలో పంచదార వెయ్యలేదు, మీకు షుగర్ కదా. చూశారా, గుర్తుంది నాకు. మీ బేస్‌మెంట్‌లో రెండేళ్ళున్నాను, ఆ మాత్రం గుర్తుండదూ?

సైట్ ఓనర్ పేరు రాజ్ వెతికి కనుక్కున్నాడటగా. వెతికేదేముంది, దాచితేగా? ఒక్క క్లిక్‌తో నా పేరు కనపడకుండా చెయ్యచ్చు. నేనే చెయ్యలేదు. మీకు తెలియాలనే.

అదిగో, మళ్ళీ "మావారి పేరు" అంటారు. వెబ్‌సైట్ పేరు ఎవరి సొంతమూ కాదు ఆంటీ, అద్దెకుంటాం అంతే. ఏటేటా ఆ పేర్లిచ్చే రిజిస్ట్రార్ కంపెనీ దగ్గర రెన్యూ చేయించుకోవాలి. మర్చిపోతే నలభై రోజులు ఊరుకుంటారు. ఇంకో ముప్ఫై రోజులు ఫైన్ కడితే ఇస్తారు. ఆఖరి ఐదు రోజులు మాత్రం సాక్షాత్తూ భగవంతుడొచ్చి అడిగినా ఇవ్వరు. అవి దాటాక పొద్దున పదకొండింటికి వదిలేస్తారు. ఎవరు ముందు పట్టుకుంటే వాళ్ళది. నా సైడ్ బిజినెస్ అదే కదా, జనం వదిలేసిన పేర్లు పట్టుకోవడం.

డెబ్బై ఐదు రోజులు! అన్ని రోజులూ మీరేం చేశారు? ఆయన కంప్యూటర్ మీద ఆయన కండువా కప్పి, సంవత్సరీకం అయ్యేదాకా ఎవరూ ముట్టుకోవద్దని గది తలుపేశారు. కంపెనీ పంపిన ఈమెయిల్ నోటీసులన్నీ ఆ కండువా కిందే పడి ఉన్నాయి.

కంపెనీకి ఫోన్ చేశారా? ఎప్పుడూ, జూన్‌లోనా! "అకౌంట్ హోల్డర్‌ని లైన్‌లోకి పిలవండి" అన్నారా? అంటారు, వాళ్ళ పద్ధతి అది. డెత్ సర్టిఫికెట్ ఫ్యాక్స్ చేశారా? మూడుసార్లా?

లేదు ఆంటీ, నవ్వడం లేదు. సరే, నవ్వాను.

మే పదిహేడు, గురువారం. ఆఫీసులో మీటింగ్ ఎగ్గొట్టి, పార్కింగ్ లాట్‌లో కార్‌లో కూర్చున్నా, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని. పదకొండు దాటి రెండు నిమిషాలకి స్క్రీన్ మీద నా పేరు పడింది. యజ్ఞడాక్టర్ డాట్ కామ్, ఓనర్ రేణు. కార్‌లో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నా, తెలుసా?

సైట్ మీద ఆ బరువు తగ్గే మాత్రల యాడ్ గురించా? తీసెయ్యాలా? బలానికి టానిక్ రాయమంటే "రెండు అరటిపళ్ళు తిను" అనే మనిషి పేరు కింద మాత్రల యాడ్ ఏమిటి అని కదూ మీ బాధ? తెలుసు. తెలిసే పెట్టా.

అసలు ఆ పేరు పెట్టిందెవరు? మీరు చెప్పండి. రెండు వేల మూడులో నేను ఎమ్మెస్ స్టూడెంట్‌ని. రెడ్‌మండ్‌లో మనవాళ్ళంతా ఆయన్ని యజ్ఞ డాక్టర్ అనేవాళ్ళు, అదే పేరు పెడదాం అంకుల్ అన్నది నేను. ఎక్కడెక్కడి తెలుగువాళ్ళో జబ్బుల గురించి అడిగేవాళ్ళు, ఆయన ప్రిస్క్రిప్షన్ కాగితాల వెనక జవాబులు గీకేవారు. ఆ చేతిరాత! మందుల షాపువాడికే అర్థమయ్యేది కాదు. నేను కూడబలుక్కుని టైప్ చేసేదాన్ని. పొడి దగ్గు అని రాశారో, పాడు దగ్గు అని రాశారో పైకెళ్ళి అడిగి మరీ. శనివారాలు, ఆదివారాలు, రెండేళ్ళు.

అడిగిందేమిటి నేను? సైట్ అడుగున "తయారుచేసింది రేణు" అని ఒక్క లైను. వీసా గడువు అయిపోతోంది, ఇంటర్వ్యూల్లో చూపించుకోవడానికి. ఆరోజు మీ ఇంట్లో ఇరవై మంది భోజనానికొచ్చారు. అందరి ముందూ ఏమన్నారాయన? "నువ్వు చేసింది టైపింగే కదమ్మా!"

మీరు గారెలు వేయిస్తూ నవ్వారు. చిల్లుల గరిటె చేతిలో ఉంది, అలాగే వెనక్కి తిరిగి నవ్వారు.

గుర్తు లేదా? నాకుంది. ఒళ్ళంతా మండిపోయింది ఆంటీ. ఇప్పటికీ ఎవరింట్లో గారెల వాసనొచ్చినా ఏదో ఒక వంక చెప్పి లేచొచ్చేస్తా.

ఉండండి, ఉండండి. రాజ్‌కి తెలియనిది ఇంకోటుంది. అది విని వెళ్దురుగాని.

ఆయన పోయిన పదకొండో రోజు వడ్డనకి సాయానికొచ్చాను చూడండి. మీరొక కవర్ తెచ్చి, "రేణూ, ఇది ఆ మోసగాళ్ళదేనా?" అని అడిగారు. ఇదివరకోసారి ఎవడో రిజిస్ట్రార్‌లా దొంగ బిల్లు పంపితే ఆయన కట్టేశారు కదా. ఆ తర్వాత మీ ఇంట్లో ఒకటే రూలు, వెబ్‌సైట్ పేరు మీద ఏ కాగితమొచ్చినా చింపెయ్యడమే. అయినా మీకెందుకో అనుమానమొచ్చింది. నన్నడిగారు.

చదివాను. పూర్తిగా చదివాను. అసలు కంపెనీ నుంచే వచ్చింది. "మీ క్రెడిట్ కార్డు గడువు అయిపోయింది, మార్చి మూడులోగా కొత్త నంబరివ్వండి, లేకపోతే పేరు పోతుంది" అని ఉంది.

"దొంగ ఉత్తరమే ఆంటీ, చింపెయ్యండి" అన్నాను.

నాలుగు ముక్కలు చేసి విస్తళ్ళ చెత్తలో పడేశారు. పైగా నా గడ్డం పట్టుకుని, "నువ్వున్నావు కాబట్టి సరిపోయింది తల్లీ" అన్నారు. నేను బయటికొచ్చి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకున్నా. కాఫీ ఒలుకుతోంది చూడండి. ఆ కప్పు బల్ల మీద పెట్టెయ్యండి.

ఒట్టు, తిరిగిచ్చేద్దామనే అనుకున్నా. మీరొచ్చి బతిమాలుతారు, అప్పుడు "పోనీండి ఆంటీ, నేను చేసింది టైపింగే కదా" అనేసి, మీ మొహాన పడేద్దామని. ఆ ఒక్క మాట కోసమే ఇంత చేశా.

కానీ ఇవ్వను. ఎందుకో చెప్పనా?

పేరు చేతికొస్తే దాని మెయిల్ కూడా చేతికొస్తుంది. అడ్రస్ చివర ఆ పేరు తగిలించి ఎవరికి ఏం రాసినా ఇప్పుడు నా దగ్గరికే వస్తుంది. అంకుల్ అడ్రస్‌కి రాసినా.

అవునాంటీ. అన్నీ.

మీ మొదటి మెయిల్ నేను పేరు పట్టుకున్న మూడో రోజొచ్చింది. "ఏమండీ, రెండు నెలల్నుంచీ నేను రాసినవన్నీ తిరిగొచ్చేస్తున్నాయి. ఇవాళ రాలేదు. మీకు అందిందన్నమాట" అని. నేను భయపడి లాప్‌టాప్ మూసేశాను. మర్నాడు మళ్ళీ తెరిచాను. ఇప్పుడు నాకన్నీ తెలుసు. కరివేపాకు మొక్క చిగురేసిందని, మీ అమ్మాయి విద్య కొడుక్కి పన్ను ఊడిందని, రాజ్ ఇల్లు అమ్మెయ్యమంటున్నాడని, మీకు ఇష్టం లేదని.

నా గురించీ రాశారు. "ఆ పిల్లని ఆవేళ అలా అనకుండా ఉండాల్సింది మనం. నేనూ నవ్వాను, ఇప్పటికీ సిగ్గేస్తుంది" అని. ఇందాక గుర్తు లేదన్నారే! ఏడేళ్ళు ఆ మాట కోసం చూశాను. ఇక్కడ పది మైళ్ళలో ఉన్న నాకు చెప్పకుండా, చచ్చిపోయిన మనిషికి రాసుకున్నారా? ఎంత ఏడ్చానో మీకేం తెలుసు!

ఇప్పుడు చెప్పక్కర్లేదు. వద్దు, నా చెయ్యి పట్టుకోకండి.

పేరు మీకిస్తే ఆ ఉత్తరాలు అటెళ్ళిపోతాయి. నాకు మెయిల్ ఎవరు రాస్తారాంటీ? బ్యాంకు వాడు, ఆఫీసు వాడు. పొద్దున లేచి పళ్ళు కూడా తోముకోకుండా మీదే తెరుస్తా. "అన్నం తిన్నారా, చలిగా ఉంది, స్వెటర్ వేసుకున్నారా" అని ఉంటుంది చివర్లో. అది నన్నడిగినట్టే ఉంటుంది. సిగ్గులేనిదాన్ని, వేసుకుంటా కూడా.

లేస్తున్నారా? గొడుగు తీసుకోండి. రాజ్‌ని లాయర్ దగ్గరికి వెళ్ళమనండి, నాకేం ఫరవాలేదు.

ఏంటీ, ఇంక రాయరా?

రాస్తారు. ఎక్కడికి రాస్తారు మరి? ఆయనకి వేరే అడ్రస్ లేదుగా.