ఒక్క గీత మిగిలిన బండి

ప్రభువునందు ప్రియమైన సంఘ పెద్దలారా, తల్లులారా, బందరు ఆటో స్టాండు సోదరులారా, మంగినపూడి నుంచి చేపల గంపలు దించి అలాగే వచ్చిన అక్కలారా, అందరికీ వందనాలు. ఆనందరావు గారు మనల్ని విడిచి ఇవాళ్టికి ఐదు రోజులు. శనివారం పొద్దున మూడో ట్రిప్పు దించి, గుండె పట్టుకుని కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు. యాభై నాలుగేళ్లు! ఎవరిని అడుగుదాం? దేవుణ్ణి అడిగే ధైర్యం ఇవాళ నాకు లేదు.

మన స్టాండులో మొదటి కరెంటు ఆటో ఆయనదే. కొన్న రోజు షోరూము వాళ్లు "బ్యాటరీకి మూడేళ్లు వారంటీ, నిశ్చింతగా తిప్పుకోండి" అంటే, ఆయన "దేనికండీ వారంటీ? చచ్చిపోకుండానా, తగ్గిపోకుండానా?" అన్నారు. వాళ్లు వారంటీ పుస్తకం చేతిలో పెట్టారు. ఆయనే పుస్తకం తెరిచి చదివారు, మనకూ చదివి వినిపించారు. బ్యాటరీ ఏటా కొంత తగ్గడం సహజం, దానికి కంపెనీ పూచీ లేదు. కొత్తలో పట్టిన ఛార్జిలో నూటికి డెబ్భై వంతుల కంటే కిందికి పడితేనే మారుస్తారు. అదీ మూడేళ్లు గానీ, ఎనభై వేల కిలోమీటర్లు గానీ, ఏది ముందొస్తే అక్కడిదాకానే. మనమంతా ఏమనుకున్నాం? ఏది వెనకొస్తే అది అనుకున్నాం! మాట పూర్తిగా వినకపోవడం ఏదెను తోటలోనే మొదలైంది.

ఇంకో సంగతి చెప్పాలి. అది నా పాపం. మన స్టాండు పోలయ్య కరెంటు బండి ఒక్క ఛార్జికి అరవై కిలోమీటర్లకే ఆగిపోతుంటే, "కంపెనీ వాళ్ల కోసం ఎన్నాళ్లు చూస్తావురా, విశ్వాసం ఉంచి మన మెకానిక్ చేత విప్పించు" అన్నది నేనే. బ్యాటరీ పెట్టె మీది కంపెనీ సీలు తెగింది. వారంటీ పోయింది. ఆనందరావు గారు నన్ను తిట్టారా? లేదు. "అయ్యగారూ, ప్రార్థన మీరు చెయ్యండి, సీలు జోలికి మాత్రం వెళ్లకండి" అని నవ్వారు. పోలయ్య భార్య రాఘవమ్మ చేపల గంపల్ని ఇరవై రోజులు ఆయనే తన బండిలో బజారుకు చేర్చారు. ఉప్పునీళ్లు బ్యాటరీ పెట్టె మీద కారకుండా టార్పాలిన్ పరిచి మరీ!

ఇప్పుడు నా తొందర ఎందుకో వినండి. ఆయన బ్యాటరీ కూడా పడిపోయింది. ప్రతి నెలా ఒకే దారిలో, ఒకే బరువుతో తిప్పి చూసుకునేవారు. కొత్తలో ఒక్క ఛార్జికి వంద కిలోమీటర్లు నడిచింది. పోయిన నెల అరవై నాలుగు. రేపు గురువారం గుడివాడ సర్వీసు సెంటర్లో మిషను పెట్టి తేలుస్తామన్నారు. కిలోమీటర్లు ఇంకా ఎనభై వేలు దాటలేదు గానీ, ఎల్లుండితో మూడేళ్లు నిండుతాయి, వారంటీ ఆఖరు. ఆయన భార్య ఎలీసబెతమ్మకూ, చదువుకుంటున్న కూతురు జెనిఫర్‌కూ ఆ బండే కూడు.

మరి బండి ఎక్కడుంది? దండ వేసుకుని పాకలో ఉంది. ఐదు రోజులుగా ఛార్జింగు లేదు. ఎందుకంటే, గౌరవమండీ! పోయిన మనిషి బండి ముట్టుకోకూడదట! పొద్దున చూశాను, ఛార్జి చూపే గీతల్లో ఒక్క గీత వెలుగుతోంది. పూర్తిగా ఖాళీ అయి పడి ఉంటే బ్యాటరీ లోలోపలే పాడవుతుంది. అలా వదిలేసి పాడుచేసుకుంటే పూచీ లేదని అదే పుస్తకంలో ఉంది, రెండుసార్లు చదివాను. యజమాని పోతే వారంటీ ఎవరిదో మాత్రం అందులో లేదు. అది రేపు నేనే వెంట వెళ్లి అడుగుతాను. కానీ ముందు బండి గుడివాడ దాకా నడవాలి కదా?

ప్లగ్గు పెట్టాలంటే సీటు తాళం తీయాలి. తాళం ఎలీసబెతమ్మ కొంగున ఉంది. అడిగాను. "ఆయన చెయ్యి పడిన బండి అయ్యగారూ, ఇంకొకళ్ల చేతికి ఎలా ఇవ్వను?" అంది ఆ తల్లి.

అమ్మా, బలవంతం చెయ్యను. తెలిసీ తెలియని మాట చెప్పి ఒకడి బండి పాడుచేసినవాణ్ణి. అయినా దావీదు మహారాజును తలుచుకోండి. బిడ్డ ప్రాణం ఉన్నంతసేపూ నేల మీద పడి ఏడ్చాడు. పోయాడని విన్నాక లేచాడు, స్నానం చేశాడు, అన్నం తిన్నాడు. ప్రేమ లేకనా? ప్రేమ లేకనా అమ్మా?

అందరం లేచి నిలబడదాం. రెండు నిమిషాలు. కళ్లు మూసుకోండి. పోలయ్యా, నువ్వు కూడా. ఈ బల్ల మీద నా బైబిలు పక్కన కాస్త జాగా ఉంది. ఎలీసబెతమ్మా, ఆ తాళం ఇక్కడ పెడతారో, కొంగునే ఉంచుకుంటారో మీ ఇష్టం. ఎవరూ చూడరు.

నిలబడండి. మౌనంగా.