నాలుగో బురుజు

జోర్డాన్ ఎడారిలో రోమనులు వదిలిపోయిన సరిహద్దు కోట. మిట్టమధ్యాహ్నం, కూలిన గోడల మధ్య హాయిల్, అతని భార్య ఫిద్దా. ఆమె వీపున ఏడాది పిల్లవాడు సత్తామ్.

“మూడు బురుజులూ వెతికేశాం కదా, సత్తామ్ నాన్నా. ఇక పోదాం.”

“నాలుగోది ఉంది.”

“అందులో తేళ్ళుంటాయి.”

“మిగతా మూడింట్లో లేవా తేళ్ళు?”

“వీడి ఒళ్ళు చూడు, పెనంలా కాలుతోంది.”

“ఇందాకే చూశాను, చల్లగానే ఉన్నాడు. ఫిద్దా, రేపు పెద్దల ముందు నేనేం చూపించను? మా తాత ఒంటెలకు వేసే వాత గుర్తునే ఈ కోట రాతి మీద చెక్కాడు, కింద గుంటలో నీళ్ళు మావి అంటాను. ఏదీ ఆ గుర్తు అంటాడు మీ నాన్న.”

“అంటాడు.”

“అంటాడని నాతో అంటావేంటి. వెతుకు. సున్నా, దానికో తోక.”

“నాకు చెప్పాలా? మా వాళ్ళదీ అదేగా.”

“మీ వాళ్ళు వేరుపడ్డప్పుడు పక్కన ఇంకో గీత పెట్టుకున్నారు. అది వేరే. ఛ, ఏ రాయి తిప్పినా రోమనుల రాతలే. రెండు వేల ఏళ్ళ నాటి సిపాయి పేరు దొరుకుతుంది గానీ మా తాత గుర్తు దొరకదు.”

“పొద్దుపోకముందే మేకలకు నీళ్ళు పెట్టాలి.”

“ఏ నీళ్ళు? నిన్న రెండు చచ్చాయి. జరుగు, లోపలికి పోనీ.”

“ఆగు, నేను చూసొస్తా. వీణ్ణి ఎత్తుకో.”

“నువ్వేగా తేళ్ళన్నావు.”

“నేను చూస్తానన్నాగా.”

“జరుగు, ఫిద్దా... ఇలా రా. ఇదిగో, తోక. సున్నా. ఇదే, మా తాతదే. దుమ్ము తుడువు, ఫోన్లో తీస్తాను.”

“దుమ్ము అలాగే ఉండనీ. తీసెయ్, పోదాం.”

“దుమ్ముంటే ఎవరు నమ్ముతారు. నేనే తుడుస్తాలే.”

“సత్తామ్ నాన్నా.”

“పక్కన గీత ఉంది.”

“పోదాం పద.”

“గుంట మీ నాన్నదే. రెండేళ్ళు ఆ మనిషిని దొంగ అన్నాను. నిన్ను పుట్టింటి గుడారం తొక్కనివ్వలేదు.”

“పోనీలే అంటున్నాగా.”

“పోనీ ఏంటి. రేపు అందరి ముందూ మావ చేతులు పట్టుకుని తప్పయిందంటాను. మేకలు అమ్మేసి జర్ఖా పట్నం పోతాను, ఏదో ఒక కూలి దొరక్కపోదు. నువ్వూ వీడూ ఆయన దగ్గరే ఉండండి.”

“మమ్మల్ని వదిలేసా?”

“నీళ్ళు లేనిచోట వీణ్ణి ఎలా పెంచను?”

“ఆ గుర్తు మళ్ళీ చూడు.”

“చూశాగా.”

“సున్నా, తోక ఏ రంగులో ఉన్నాయి?”

“నల్లబడ్డాయి.”

“గీత?”

“తెల్లగా... అయితే ఏంటి? అది ఎప్పుడు చెక్కారో, ఎవరు చెక్కారో ఎవరు చెబుతారు? కళ్ళారా చూసినవాళ్ళు ఉండాలిగా.”

“ఉన్నారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. మా నాన్న ఆ గీత చెక్కుతుంటే, ఎవరైనా వస్తారేమోనని ఈ గుమ్మంలో కాపలా నిలబడింది నేనే.”