ఈగ వాలని బీరపాదు

"వచ్చాయండీ, వచ్చాయనే చెప్తున్నాను. తేనెటీగలు రాకుండానే పద్నాలుగు బీరకాయలు దిగాయా?"

జూబ్లీహిల్స్‌లో ఒక మేడమీది తోట. సాయంత్రం అయిదున్నర. భార్యాభర్తల వాదన తన మీదికి మళ్లకూడదని, బోరబండ నుంచి పనికొచ్చే రాజమ్మ తల వంచుకుని మొక్కలకి నీళ్లు పోస్తోంది.

"ఎక్కణ్ణుంచి వస్తాయి శ్యామలా? సీరియల్ వాళ్లకి ఇల్లు షూటింగుకిచ్చి, హీరోయిన్ని కుడతాయేమోనని పోర్టికోలో చాటంత తేనెపట్టుకి పొగబెట్టించింది నువ్వు కాదూ?"

"అది మార్చిలో. తర్వాత బంతి వేశాను, తులసి వేశాను, పళ్లెంలో గులకరాళ్లు పోసి నీళ్లు పెట్టాను. మళ్లీ వచ్చాయి. రేపు మన తోట మీద ప్రోగ్రాం తియ్యడానికొచ్చే టీవీ వాళ్లకి అదే చెప్తాను."

"ఒక్క ఈగనైనా చూపించమంటేనో?"

"రోజూ ఇక్కడుండేది రాజమ్మ. రాజమ్మా, చెప్పవే సార్‌కి. ఈగలు వస్తున్నాయా, లేదా?"

"నీళ్లు పోస్త ఉంటనమ్మా... గంత పట్టి సూడలే."

"చూడలేదా? కళ్లెదురుగా తిరుగుతుంటే!"

"సీతాకోకచిలుకలైతే ఒగటి రెండు..."

"వాటి గోల ఎవరడిగారు? తేనెటీగలు."

"జర పక్కకు జరుగున్రి సారూ, నీళ్లు పడ్తయి."

"మాట దాటెయ్యకు రాజమ్మా. భయమెందుకు? ఉన్నది చెప్పు."

"భయం గాదు సారూ... రాలే. ఒక్కటి గూడ రాలే."

"మరి కాయలు?"

"నేనే... చేత్తోని. మగపువ్వు తెంపి ఆడపువ్వుకు అద్దిన. రోజూ పొద్దూకెటాల్లకు."

"విన్నావా శ్యామలా! నీ తేనెటీగ బోరబండ నుంచి ఆటోలో వస్తోంది!"

"నవ్వకండి. నిన్నెవరు చెయ్యమన్నారే?"

"మీరే గదమ్మా అన్నది... పిందెలన్నీ మాడి రాలుతున్నయి, నీ చెయ్యి మంచిది కాదు, దసరా దాకా సూసి వేరేదాన్ని పెట్టుకుంట అని. ఏడేండ్ల సంది చేస్తున్న పని. పోతే యాడికి పోత? మా అవ్వ గిట్లనే చేస్తుండె, యాదికొచ్చింది."

"నాకు చెప్పచ్చుగా."

"ఈగలొచ్చినయని మీరు గంత ఖుషీ పడ్తిరి. ఎట్ల చెప్పాలె?"

"సరే. కోపమేం లేదు. ఇలా రా. చూపించు."

"ఏందమ్మా?"

"ఎలా చేశావో. నాకూ నేర్పు."

"నిజంగనా? గీడ కూసోండమ్మా. గిది గుత్తిల ఉన్నది సూడున్రి, మగది. ఆడదానికి పువ్వు కింద సన్నటి పిందె ఉంటది. మగదాని రెక్కలు తుంచి... ఆ, మెల్లగ, మెల్లగ. పసిపిల్ల బుగ్గకు పౌడర్ అద్దినట్టు."

"ఇలాగేనా?"

"గట్లనే! మీ చెయ్యి మస్తు తిరుగుతాందమ్మా."

"ఒక మగపువ్వు ఎన్నిటికి సరిపోతుంది?"

"రెండు మూడిట్లకు."

"పొద్దున చెయ్యకూడదా?"

"బీరపువ్వు గీ యాళకే విచ్చుకుంటది. తెల్లారితే వాడిపాయె."

"అంతేనా? ఇంకేమైనా ఉందా?"

"అంతే అమ్మా. దాసుకున్నదేం లే."

"ఏవండీ, మల్లికార్జున్నీ మంజులతనీ పైకి పిలవండి."

"ఎందుకు, కొడుక్కీ కోడలికీ కూడా నేర్పుతావా?"

"పిలవండి చెప్తాను... వచ్చారా? నాన్నా, అమ్మాయ్, మీరూ వినండి. రేపు టీవీ వాళ్లు అడిగితే అందరిదీ ఒకటే మాట ఉండాలి. ఈ తోటంతా నేనే చూసుకుంటున్నాను. రాజమ్మ ఇవాళ్టితో మానేస్తోంది."