పేజీ నంబరు మేడమ్‌గారికి ఆలస్యంగా అందిన సవరణ

1989వ సంవత్సరం జూలై మూడవ తేదీ, సోమవారం ఉదయం పది గంటలకు పది నిమిషాల ముందు, మా విశ్వవిద్యాలయ విజ్ఞానశాస్త్ర, ఇంజనీరింగు గ్రంథాలయంలో కేటలాగు సహాయకురాలిగా ఆమె ఉద్యోగంలో చేరారు. పది నిమిషాల ముందు అన్న మాట అలంకారం కోసం కల్పించినది కాదు. ఆనాటి హాజరు పట్టీలో ఆమె స్వహస్తంతో అలాగే రాసి ఉంది. మొన్ననే వెళ్ళి చూసి వచ్చాను, నలభై ఒకటవ పేజీ. ముప్పై ఆరేళ్ళ సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మా ప్రధాన గ్రంథాలయాధికారి గురించి రాసే వ్యాసంలో ఆధారం లేని వాక్యం ఒక్కటి దొర్లినా, ఆమె అక్కడే ఆగి పెన్సిలు తీస్తారని ఈ సంచిక చదివే సహోద్యోగులందరికీ తెలుసు.

ఈ వ్యాసం రాసే భాగ్యం నాకు దక్కడంలో నా గొప్ప ఏమీ లేదు. సంపాదకవర్గం మొదట ఇద్దరు ఆచార్యులను అడిగింది. ఇద్దరూ నా వైపే వేలు చూపించారు. ఆమె కింద ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసి, అందులో సగం కాలం ఆమెతో వాదిస్తూ, మిగిలిన సగం ఆ వాదనల్లో ఓడిపోతూ గడిపినవాణ్ణి కనుక, ఆమె సంగతి నాకంటే బాగా తెలిసినవారు ఆమె కుటుంబసభ్యులు తప్ప మరొకరు లేరని వారి నమ్మకం. ఆ నమ్మకం తప్పని, కుటుంబసభ్యులకు తెలియనిది కూడా ఒకటి నాకు తెలుసని, ఈ వ్యాసం పూర్తయ్యేసరికి తేలుతుంది.

రసాయనశాస్త్ర పట్టభద్రురాలై, గ్రంథాలయశాస్త్రంలో పై చదువు ముగించుకొని వచ్చిన ఆమెకు మొదటి రోజునే అప్పగించిన పని నేలమాళిగలో కుప్పగా పడివున్న మూడువేల రెండువందల సాంకేతిక నివేదికలు. కొన్నింటికి అట్టలు లేవు, కొన్నింటికి తేదీలు లేవు, చాలావాటికి దిక్కూ మొక్కూ లేదు. అప్పటి పెద్దాయన ఒకరు తాళంచెవి చేతిలో పెట్టి, "అమ్మాయ్, దీంట్లోకి దిగినవాళ్ళు ఇంతవరకు పైకి రాలేదు" అన్నారట. పద్నాలుగు నెలల్లో ఆ కుప్పనంతటినీ విషయాలవారీగా విడదీసి, ప్రతిదానికీ కార్డు రాసి, అలమరలకెక్కించి ఆమె పైకి వచ్చారు. ఆ పెద్దాయనకు జవాబుగా అన్నట్టు తాళంచెవి ఆయన బల్ల మీద పెట్టి, "ఇక తాళం అక్కర్లేదండీ, జనం వస్తున్నారు" అన్నారట. ఈ కథ చెప్పినవారు ఆ పెద్దాయనే కనుక నమ్మవచ్చు.

1993లో ఆమె రిఫరెన్స్ విభాగానికి వచ్చారు. వచ్చిన వారంలోనే ఒక పెద్ద రిజిస్టరు తెరిచారు. ఎవరు వచ్చి ఏం అడిగారో, ఏం జవాబు ఇచ్చామో, ఏ పుస్తకంలో ఏ పేజీ నుంచి ఇచ్చామో అందులో రాయాలి. కాంక్రీటు గురించి అడిగినా, క్వాంటం గురించి అడిగినా, మరుగుదొడ్డి ఎటువైపని అడిగినా రాయాలి. ఈ మూడోదానికి కూడా పేజీ నంబరు వేయాలా అని నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో వెటకారంగా అడిగాను. ఆమె తల ఎత్తకుండా, "భవనం నక్షా, రెండో పేజీ" అన్నారు. పేజీ నంబరు లేని జవాబు జవాబు కాదని, అది ఒట్టి కబురని ఆమె సిద్ధాంతం. విద్యార్థులు ఆమెకు పేజీ నంబరు మేడమ్ అని పేరు పెట్టుకున్నారు. తనకు ఆ పేరు ఉన్న సంగతి ఆమెకు తెలుసు, తెలిసినట్టు కనిపించరు.

ఒకసారి తలపండిన ఆచార్యులొకరు వచ్చి, లోహాల అలసట (మెటల్ ఫెటీగ్) మీద ఎప్పుడో చదివిన ఒక అద్భుతమైన పత్రం కావాలని, రచయిత పేరు గుర్తులేదని, ఇప్పటివాళ్ళెవరూ అంత బాగా రాయలేరని అన్నారు. మూడు రోజులు వెతికి, నాలుగో రోజు ఆమె ఆయనకు సంపుటం తెరిచి చూపించారు. "రెండువందల పద్నాలుగో పేజీ సార్. రాసింది మీరే." ఆచార్యులవారు ఆ రోజంతా ఎంత సంతోషంగా తిరిగారో చూసినవాళ్ళకు తెలుసు.

కార్డులు పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు మాలో చాలామంది గుండెల్లో రాయి పడింది. ఆమె మాత్రం శిక్షణకు వెళ్ళి, తిరిగి వచ్చి, మాకు నేర్పి, ఆ తర్వాత ఆచార్యులకు నేర్పారు. ఏ పత్రిక ఏ డేటాబేసులో ఉందో ఆమెకు కంఠతా ఉండేది. అయినా ముద్రిత హ్యాండ్‌బుక్కుల అలమరను ఒక్క అడుగు కూడా జరగనివ్వలేదు. ఆ విషయంలో మా ఇద్దరికీ ఏడాది పాటు మాటల యుద్ధం నడిచింది. ఎవరు ఓడిపోయారో వేరే చెప్పనక్కర్లేదు.

ఇంతవరకు రాసినది మా కార్యాలయంలో ఎవరైనా రాయగలరు. ఇకమీదట రాసేది నేనే రాయాలి.

ఇంజనీర్లు లెక్కలకు వాడే హ్యాండ్‌బుక్కుల్లో అచ్చుతప్పు వల్ల ఒక అంకె తారుమారైతే, ప్రచురణకర్తలు ఒక చిన్న సవరణ చీటీ అచ్చువేసి గ్రంథాలయాలకు పంపుతారు. మా దగ్గర ఆ పుస్తకం ఎన్ని ప్రతులుంటే అన్నింటిలోనూ ఆ పేజీ పక్కన చీటీని అంటించి, తేదీ వేసి, పొడి సంతకం చేయడం నియమం. 1999 నుంచి ఆ పని నాది. 2004 జనవరిలో ఒక హ్యాండ్‌బుక్కుకు సవరణ వచ్చింది: ఒక రకం ఉక్కు ఎంత వేడికి ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో చెప్పే పట్టికలో రెండు వరుసలు తారుమారయ్యాయి. మా దగ్గర రెండు ప్రతులున్నాయి. మొదటిదానిలో చీటీ అంటించాను. రెండోది అప్పటికి మరో విభాగానికి అరువు వెళ్ళివుంది. వచ్చాక అంటిద్దామని రెండో చీటీని నా సొరుగులో వేశాను. పుస్తకం వచ్చింది, అలమర ఎక్కింది. చీటీ సొరుగులోనే ఉండిపోయింది. ఆపై మొదటి ప్రతి వీపు ఊడిందని బైండింగుకు వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే యంత్రశాస్త్ర విభాగంలో పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి వచ్చి ఆ ఉక్కు గురించి అడిగింది. మేడమ్ రెండో ప్రతి తెరిచి, ఆరువందల పద్దెనిమిదో పేజీ నుంచి అంకె ఇచ్చారు. ఆ అంకెను నమ్ముకొని ఆ అమ్మాయి ఒక ఉక్కు సిలిండరు చేయించుకుంది. దాన్ని కొలిమిలో వేడిచేసి, లోపల ఒత్తిడి పెంచి పరీక్షించాలి.

పదకొండు రోజుల తర్వాత బైండింగు నుంచి మొదటి ప్రతి తిరిగివచ్చింది. బైండింగు నుంచి వచ్చిన పుస్తకాన్ని ఆకు ఆకూ తిప్పి చూడందే అలమర ఎక్కించరు మేడమ్. నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. ఆరువందల పద్దెనిమిది దగ్గర ఆమె చేయి ఆగింది. లేచి వెళ్ళి రెండో ప్రతి తెచ్చి పక్కన పెట్టుకున్నారు. రిజిస్టరు తెరిచారు.

"ఆ అమ్మాయి పరీక్ష ఎప్పుడంది?"

"ఇవాళ మూడింటికే అనుకుంటాను మేడమ్."

గోడ గడియారంలో రెండు నలభై. గ్రంథాలయంలో వడిగా నడిచినవాళ్ళను సైతం కళ్ళతోనే ఆపే మనిషి ఆ రోజు పరుగెత్తారు. నేనూ వెనకే పరుగెత్తాను. ప్రయోగశాలలో కొలిమి ఎర్రగా వెలుగుతోంది. నేల మీది పసుపు గీత దగ్గర, సిలిండరుకు నాలుగడుగుల దూరంలో, మీటరు ముల్లు చూసి అంకెలు రాసుకుంటూ ఆ అమ్మాయి నిలబడి ఉంది.

"ఆపండి! నేనిచ్చిన అంకె తప్పు" అన్నారు మేడమ్, గుమ్మంలోంచే.

పక్కనే ఉండి పరీక్ష జరిపిస్తున్న ఆమె పరిశోధన గైడు, ఆచార్యులవారు, మండిపడ్డారు. "ఎవరండీ మీరు? పని మధ్యలో ఇలా జొరబడితే ఎలా?"

"లైబ్రరీ నుంచండీ. ముందు ఆపేయండి, తిట్లు తర్వాత తింటాను."

ఆపారు. సవరించిన అంకెతో అక్కడికక్కడే మళ్ళీ లెక్క వేశారు. అనుకున్న ఒత్తిడికి చేరకముందే సిలిండరు పగిలివుండేది. మేడమ్ ఆ అమ్మాయి భుజం మీద చేయి వేసి బయటికి తీసుకువెళ్ళి మంచినీళ్ళు తాగించారు.

ఆచార్యులు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారు. మర్నాడు ఉదయం నేను అందరికంటే గంట ముందు వచ్చి, సొరుగులోంచి ఆ చీటీ తీసి, రెండో ప్రతిలో అంటించాను. విచారణకు పుస్తకం అడిగితే చీటీ ఉండాలని, నా మీదికి రాకూడదని. అంతకంటే గొప్ప ఉద్దేశం ఏదీ లేదు. పుస్తకం మూసి అలమరలో పెట్టబోతుండగా మేడమ్ వచ్చారు. నా చేతిలోంచి పుస్తకం తీసుకొని, ఆ పేజీ తెరిచి, వేలితో చీటీ అంచు తాకారు.

"జిగురు ఇంకా ఆరలేదయ్యా. ఆరేదాకా తెరిచి ఉంచు, లేకపోతే పేజీలు అంటుకుపోతాయి."

అంతే. ఆ రోజూ, ఆ తర్వాతా ఆమె నాతో ఆ సంగతి ఎత్తలేదు.

గురువారం విచారణ జరిగింది. నేను గది బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు సగం తెరిచే ఉంది. చీటీలు అంటించే బాధ్యత ఎవరిదని అడిగారు. "ఆ విభాగం నాది. జవాబిచ్చింది నేను. సవరణ వచ్చిందో లేదో చూసుకోవాల్సిందీ నేనే" అన్నారామె. నాది ఇంకా ఖాయం కాని ఉద్యోగం, ఇంట్లో చంటిపిల్ల అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. లేచి లోపలికి వెళ్ళడానికి ఏడడుగులు వేయాలి. వేయలేదు. పిరికివాణ్ణి కనుక వేయలేదు.

ఆమె సర్వీసు ఫైల్లో "విధి నిర్వహణలో నిర్లక్ష్యం" అన్న వాక్యం పడింది. ఆ ఏడాది ఖాళీ అయిన ప్రధాన గ్రంథాలయాధికారి పదవి ఆమెకే వస్తుందని అందరం అనుకున్నాం. బయటినుంచి ఒకరు వచ్చారు. ఆమెకు ఆ పదవి రావడానికి మరో ఆరేళ్ళు పట్టింది. ఈ మధ్యలో నా ఉద్యోగం ఖాయం చేయమని గట్టిగా సిఫారసు రాసినవారు ఆమే. 2010 నుంచి ఈ పదిహేనేళ్ళు ఆమె ఈ గ్రంథాలయాన్ని ఎలా నడిపారో ఈ సంచికలో తక్కిన వ్యాసాలు చెబుతాయి. ఆ పదిహేను ఇరవై ఒకటి కావలసినవని నేను చెబుతున్నాను.

ఈ మార్చిలో ఆమె పదవీ విరమణ కాగితాలు సిద్ధం చేస్తూ నేను ఫైలు తెరిస్తే ఆ వాక్యం చెక్కుచెదరకుండా అక్కడే ఉంది. ముప్పై ఆరేళ్ళలో ఆమె మీద ఉన్న మచ్చ అదొక్కటే, అదీ నాది. దాన్ని మోసుకొని ఆమె ఇంటికి వెళ్ళబోతున్నారు. ఆ మధ్యాహ్నమే రిజిస్ట్రారుగారికి జరిగినదంతా రాసి సంతకం పెట్టాను. కమిటీ పిలిచి, "ఇన్నేళ్ళు ఊరుకొని ఇప్పుడెందుకండీ?" అని అడిగింది. "ఆవిడ వెళ్ళిపోయాక చెబితే చెప్పనట్టే కదండీ" అన్నాను. పోయిన వారం ఉత్తర్వు వచ్చింది. ఆ వాక్యాన్ని ఆమె ఫైల్లో కొట్టివేశారు, నా ఫైల్లో ఎక్కించారు. వెళ్ళి చూసుకున్నాను; సరైన చోటే ఉంది.

ఉత్తర్వు ప్రతి తీసుకొని ఆమె ఇంటికి వెళ్ళాను. లెక్కల మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఆమె భర్తగారు కళ్ళజోడు పెట్టుకొని పైకి చదివారు. సగంలో ఆగిపోయారు.

"ఇంటర్వ్యూలో నోరు పెగల్లేదు, అందుకే ఆ పదవి రాలేదన్నావు కదే!"

"అన్నాను."

"చుట్టాలందరి ముందూ ఇన్నేళ్ళు ఆటపట్టించావు నాన్నా" అంది వాళ్ళ అమ్మాయి. "నోరు లేని లైబ్రేరియనని."

"అప్పుడే చెబితే ఇతన్ని మీరు వదిలేవాళ్ళా?" అన్నారు మేడమ్.

"వదిలేవాణ్ణి కాదు. ఇప్పుడూ వదలను" అన్నారాయన నా వైపు చూస్తూ. కాసేపటికి కళ్ళజోడు తీసి తుడుచుకొని, కుర్చీ జరిపి, "కూర్చో" అన్నారు.

సంచికలో రాస్తానని చెప్పాను. మేడమ్ ఒప్పుకోలేదు. "నా అభినందన వ్యాసంలో నీ తప్పు దేనికయ్యా? ఆ పిల్ల క్షేమంగా ఇంటికెళ్ళింది. నాకు కావాల్సింది ఆ రోజే దొరికింది" అన్నారు. గొంతు గట్టిగానే ఉంది. ఉత్తర్వును మాత్రం నాలుగు మడతలు పెట్టి చేతిలోంచి వదల్లేదు. నాకు ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాను. ఆ తర్వాత, ఆమెతో ఇన్నేళ్ళ వాదనల్లో మొట్టమొదటిసారిగా నేను గెలిచాను.

మేడమ్, ఇరవై ఒక్క సంవత్సరాలుగా ప్రతి సందర్భంలోనూ మీకు శుభాకాంక్షలు చెప్పాను, ఒక్కసారి కూడా మీ కళ్ళలోకి చూసి చెప్పలేకపోయాను. నా తప్పును మీరు మోశారు. అది ఈ రోజు అందరి ముందూ నాదైంది. ఇప్పుడు మీ కళ్ళలోకి చూసి చెబుతున్నాను: మాస్టారుగారితో, మీ అమ్మాయితో, చెక్కుచెదరని ఆరోగ్యంతో మీరు చిరకాలం చల్లగా ఉండాలి.